అయస్కాంత పటంలో బాక్సైట్ కొండ ఎందుకు కనబడదు?

కొరాపుట్ విద్యార్థి (కొరాపుట్)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ భూవిజ్ఞానం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం భారత భూవిజ్ఞాన సర్వే వారి భూకోశ్ పోర్టల్ నుంచి మా వైపు విమాన అయస్కాంత సర్వే సమాచారం దించుకొని పటం గీశాను. పంచపట్మాలి కొండ మీద బాక్సైట్ ఉన్న సంగతి ఇక్కడ పశువులు కాసే పిల్లలకు కూడా తెలుసు. నా పటంలో మాత్రం ఆ కొండ అంచుకూ రంగులకూ ఏ పొంతనా లేదు. బాక్సైట్ జాడే లేని లోయల్లో ఎరుపు, నీలం పట్టీలు జంటలుగా సాగుతున్నాయి. ఫిల్టర్లు మార్చి చూడమన్నారు. మార్చాను. రంగులు మారాయి, ప్రశ్న మారలేదు.

ఎరుపు బాగా ముదిరిన ఒక చోటికి బండి మీద వెళ్లి చూశాను కూడా. వరి మడులు తప్ప అక్కడ రాయి లేదు. పటంలో లోపమా, చదివే తీరులో లోపమా?

జయపురం వెంకట్ (జయపురం)

బాక్సైట్ కొండల మట్టి ఎర్రగా ఉంటుంది. ఎరుపంటే ఇనుమే కదా. ఇనుము ఉంటే అయస్కాంత సర్వేకు తెలియకపోవడం ఏమిటి? నాకూ తెలుసుకోవాలని ఉంది.

శిలాజీవి (సొంత ఊరు జయపురం, ఉండేది హైదరాబాద్)

వెంకట్ గారి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ముడి అక్కడే ఉంది. విమానంలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటరు రాయిలో ఇనుము ఎంత ఉందని అడగదు, ఏ ఖనిజంగా ఉందని అడుగుతుంది. హెమటైట్ బరువులో దాదాపు 70 శాతం ఇనుమే. మాగ్నెటైట్‌లో 72 శాతం. ఇనుము లెక్కలో తేడా స్వల్పం, అయస్కాంత స్పందనలో మాత్రం మాగ్నెటైట్ వందల రెట్లు ముందుంటుంది. బాక్సైట్ కొండల ఎర్రదనం హెమటైట్‌ది, గోథైట్‌ది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో బైలదిల్లా హెమటైట్ ఖనిజంతో వెళ్లే గూడ్సు బండి మీదుగా సర్వే విమానం ఎగిరితే, పరికరానికి ముందు తెలిసేది వ్యాగన్ల ఉక్కే. లోపలున్న ఖనిజం దాదాపు తెలియదనే చెప్పాలి.

ఇక తూర్పు కనుమల రాళ్లు. మన వైపు ప్రధానంగా రెండు: ఖొండలైటు, చార్నొకైటు. ఖొండలైటులో గార్నెట్, సిల్లిమనైట్, చాలా చోట్ల గ్రాఫైటు ఉంటాయి. వాటిలో ఏదీ మాగ్నెటోమీటరును పెద్దగా కదిలించేది కాదు. బాక్సైట్ ఆ ఖొండలైటు పైభాగం ఎండకూ వానకూ లక్షల ఏళ్లు నాని, సిలికా కొట్టుకుపోగా మిగిలిన పొర. తల్లి రాయే మౌనంగా ఉంటే దాని మీది పొర ఎందుకు మాట్లాడుతుంది? చార్నొకైటు సంగతి వేరు. భూమి లోపల అధిక వేడి, ఒత్తిడి వద్ద అది తయారైనప్పుడే సన్నని మాగ్నెటైట్ రేణువులు పుట్టాయి. మీ లోయల్లోని జంట పట్టీలు చార్నొకైటువో, నల్లని మేఫిక్ గ్రాన్యులైటువో అయి ఉండాలి.

వరి మడిలో రాయి లేదన్నారు. మడి కింద లేదని ఎవరు చెప్పారు? విమాన సర్వేకు డబ్బు పోసేదే అందుకు. మట్టి, అడవి, ఇసుకరాయి, ఇవన్నీ మాగ్నెటోమీటరుకు దాదాపు గాలితో సమానం. పాదయాత్రలో రాయి బయటపడిన చోటే మనం గుర్తు పెట్టుకోగలం. రెండు గుర్తుల మధ్య గీత గీసేటప్పుడు భూవిజ్ఞాని ఊహ మీద ఆధారపడతాడు. ఆ ఊహ స్థానంలో ఒక కొలత పెట్టేది ఈ సర్వే.

గుణుపూర్ మాస్టారు (గుణుపూర్)

బాబూ, మడి విషయంలో శిలాజీవి గారి జవాబు నిజమే గాని సగమే. మడి కింద కూడా ఆ రాయి ఉండకపోవచ్చు, నీవు వెళ్లిన చోట.

మనం అయస్కాంత మధ్యరేఖకు చేరువలో ఉన్నాం. క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే ఆ రేఖ మన దేశపు దక్షిణ కొసన, తిరునల్వేలి ప్రాంతం మీదుగా పోతుంది. ఉత్తర అయస్కాంత ధ్రువం దగ్గర భూమి క్షేత్రం నిలువుగా నేలలోకి దిగుతుంది. కొరాపుట్‌లో అది ముప్పై డిగ్రీల లోపు వాలుతో, ఇంచుమించు పడుకొనే ఉత్తరానికి సాగుతుంది. రాయిని అయస్కాంతంగా మార్చేది ఆ క్షేత్రమే కనుక రాయి కూడా అదే వాలుతో అయస్కాంతమవుతుంది. ఫలితం? కెనడాలో రాతి నడినెత్తిన ఎత్తు, అంటే క్షేత్రం ఎక్కువున్న ఎరుపు, చూపించే పటం మన దగ్గర అదే రాతికి దక్షిణాన ఎత్తు, ఉత్తరాన లోతైన పల్లం, అంటే నీలం, చూపిస్తుంది. ఎరుపు, నీలం జంటలుగా ఎందుకు సాగుతున్నాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. రెండూ కలిపి ఒకే రాయి. అది ఎరుపు కింద ఉండదు. రెంటికీ నడుమ, నీలానికి కాస్త దగ్గరగా ఉంటుంది. నీవు ఎరుపు దగ్గర బండి ఆపావు. ఉత్తరానికి కొంత దూరం వెళ్లి వెతికి చూడు.

పాఠ్యపుస్తకాలన్నీ ఉత్తర దేశాల వారు రాసినవి. బొమ్మలు వాళ్ల ఊళ్లవి, విద్యార్థులు మనవాళ్లు. ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పినవాడిగా ఈ ఒక్క విషయంలో నా కోపం ఇంకా తగ్గలేదు.

కొరాపుట్ విద్యార్థి

మాస్టారూ, ఈ మాట ఎవరూ చెప్పలేదు. పటాన్ని ధ్రువానికి మార్చే గణన ఒకటి ఉంది కదా, దానితో ఎత్తు రాతి నెత్తి మీదకే వస్తుందని నోట్సులో ఉంది. చేసి చూస్తే పటం నిండా ఉత్తర దక్షిణాలుగా గీతలు పడ్డాయి, దువ్వెనతో దువ్వినట్టు. అదేమిటి?

శిలాజీవి

ఆ గణన మన అక్షాంశాల్లో అలాగే మొరాయిస్తుంది. క్షేత్రం వాలు తగ్గేకొద్దీ ఉత్తర దక్షిణ దిశలో ఉన్న సన్నని సంకేతాలను లెక్కలో విపరీతంగా పెంచాల్సి వస్తుంది. దానితో పాటు అదే దిశలోని శబ్దం, అంటే కొలతల్లోని చిన్న చిన్న దోషాలు, కూడా పెరిగి గీతలై కూర్చుంటాయి. దక్షిణ భారతంలో పనిచేసేవారు చాలామంది ధ్రువానికి బదులు మధ్యరేఖకే మార్చి చూస్తారు. అక్కడ రాతి మీద పల్లం వస్తుంది, అంతే తేడా. లేదా మూడు దిశల్లో క్షేత్రం మారే వేగాలను కలిపి అనలిటిక్ సిగ్నల్ గీయండి. అది క్షేత్రపు వాలు మీద అంతగా ఆధారపడదు, రాతి అంచుల మీద శిఖరాలు ఇస్తుంది.

మాస్టారు చెప్పినదానికి ఒక చేదు అనుబంధం ఉంది. సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా సాగే సన్నని డైకు (పగుల్లోకి చొరబడి గట్టిపడిన శిలాద్రవపు గోడ) మన పటాల్లో దాదాపు మాయమవుతుంది. క్షేత్రం దాని పొడవు వెంటే సాగుతుంది కనుక రెండు కొసల దగ్గర తప్ప బయట ఏమీ తెలియదు. తూర్పు పడమరగా ఉన్న డైకు దివ్యంగా కనబడుతుంది. కనుక పటంలో తూర్పు పడమర డైకులే ఎక్కువ ఉన్నాయని థీసిస్‌లో రాయకండి. ఉన్నవాటిలో అవే ఎక్కువ కనబడ్డాయని రాయండి. తూర్పు కనుమల రాళ్లు ప్రధానంగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగడం మన అదృష్టం.

పాత బేస్ స్టేషన్ (రాయగడ)

పెద్దలందరూ లెక్కల్లో ఉన్నారు. నేను సర్వే బృందాల వెంట నేల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. పటం రంగుల వెనక నేల మీద కూర్చున్న మనిషి ఒకడుంటాడు, అతని సంగతి కాస్త వినండి.

విమానం పైన ఎగురుతున్నంత సేపూ కింద ఒక మాగ్నెటోమీటరు కదలకుండా కొలుస్తూ ఉండాలి. భూమి క్షేత్రం రోజంతా ఒకేలా ఉండదు. సూర్యుడి వల్ల పై వాతావరణంలో ప్రవహించే కరెంట్లతో పొద్దున్నుంచి మధ్యాహ్నానికి పదుల నానోటెస్లాలు పెరిగి సాయంత్రానికి దిగుతుంది. ఆ మార్పును విమానం కొలతల్లోంచి తీసెయ్యకపోతే ఉదయం ఎగిరిన గీతలకూ మధ్యాహ్నం గీతలకూ మధ్య లేని రాయి పుడుతుంది. అయస్కాంత తుఫాను వచ్చిన రోజు విమానం ఎక్కరు. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చినలాంటి తుఫానుకు ఎంత మంచి దిద్దుబాటూ చాలదు.

బేస్ స్టేషన్ పెట్టే చోటు వెతకడమే పెద్ద పని. కరెంటు తీగలు, రేకుల కప్పు, బోరింగు పంపు, జీపు, ఏదీ దగ్గర ఉండకూడదు. సైకిలు మీద వచ్చి "ఇదేం పెట్టె?" అని అడిగే ఊరివాళ్లను దూరంగానే ఆపాలి. కోపం లేకుండా ఆపడం ఒక కళ. మాస్టారికి ఇది నచ్చుతుంది: ముంబయి కొలాబాలో ఉన్న అయస్కాంత వేధశాలను 1904లో అలీబాగ్‌కు తరలించారు, నగరంలోకి విద్యుత్ ట్రాములు వస్తున్నాయని. అలీబాగ్‌లో ఈనాటికీ కొలుస్తున్నారు.

విమానం కూడా లోహమే కదా, మరి? అందుకే మాగ్నెటోమీటరును తోక వెనక పొడవాటి కడ్డీ చివర పెడతారు. పని మొదలుపెట్టే ముందు చాలా ఎత్తుకు వెళ్లి, రాళ్ల ప్రభావం తగ్గిన చోట విమానాన్ని ముక్కు పైకీ కిందికీ, రెక్కలు అటూ ఇటూ, తోక ఎడమకూ కుడికీ ఊపుతారు. ఏ కదలికకు విమానం సొంత అయస్కాంతం ఎంత మారుతుందో పట్టుకొని లెక్కలోంచి తీసేస్తారు. కింద నుంచి చూసేవాళ్లు పైలట్‌కు మతి పోయిందనుకునేవారు.

జయపురం వెంకట్

"కోపం లేకుండా ఆపడం ఒక కళ" అన్నారే, ఆ కళ మా వీధిలో అమ్మే కూరగాయల బండివాడికి కూడా నేర్పండి సార్.

రాయగడ రాధ (రాయగడ)

కొలతల ముచ్చట బాగుంది. నేను వేరే మాట అడుగుతాను, కటువుగా అనిపిస్తే క్షమించండి. విమానం కొండల మీద తక్కువ ఎత్తులో ఒకే గీతలో వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్తుంటే కింద డోంగ్రియా గిరిజనుల ఊళ్లలో ఏమనుకుంటారో మీలో ఎవరైనా ఆలోచించారా? ఇక్కడ అనుభవం ఉంది. పైనుంచి చూసినవాడు కొన్నేళ్లకు కిందికి దిగుతాడని భయం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి కొండ మీది బాక్సైట్ గని విషయాన్ని గ్రామసభలకు వదిలింది. ఆ ఏడాది 12 గ్రామసభలూ వద్దన్నాయి. మాట గెలిచింది, భయం పోలేదు. శిలాజీవి గారూ, మీ పటం ఎవరి కోసం?

శిలాజీవి

రాధ గారూ, మీ ప్రశ్న కటువేమీ కాదు. కానీ నియమగిరి ఉదాహరణే ఈ సర్వేను నిర్దోషిగా చూపిస్తుంది. అక్కడి బాక్సైట్ కొండ నెత్తి మీద ఉంది. ఎక్కితే కాళ్ల కింద కనబడే దానికి విమానం అవసరం లేదు. విద్యార్థి పటంలో పంచపట్మాలి బాక్సైట్ కనబడలేదు కూడా, ఈ చర్చ మొదలైందే అందుకు. గని దాకా రావాలంటే జి4 నిఘా, జి3 ప్రాథమిక అన్వేషణ, జి2 సాధారణ, జి1 సవివర అన్వేషణ, వాటిలో బోర్లు, నమూనాలు, ఆ తరువాత వేలం, అనుమతులు ఉంటాయి. విమాన పటం వీటన్నిటికీ ముందు గీసే పునాది పటం. అదే పటం భూకంప పగుళ్లు, భూగర్భ జలం, ఆనకట్టల పునాది చూసేవారికి కూడా కావాలి.

రాయగడ రాధ

నిర్దోషి అన్న మాట ఒప్పుకోను. పటం ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఎక్కడ వెతకాలో తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఉంది. వేలంలో పాల్గొనే కంపెనీ దగ్గర ఆ పటం చదివే మనుషులుంటారు, గ్రామసభ దగ్గర ఉండరు. ఇక్కడ గిరిజన ప్రాంతాల కోసం రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూలు వర్తిస్తుంది, ఆ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. సర్వేను ఆపమని నేను అనడం లేదు. విమానం వచ్చే ముందు పంచాయతీకి డోంగ్రియాల భాష కువిలో, ఒడియాలో నాలుగు వాక్యాలు చెప్పండి: ఫలానా వారం ఎగురుతుంది, ఇది కొలుస్తుంది, ఇది కొలవదు, పటం ఇక్కడ దొరుకుతుంది. ఇంతకు ఎంత ఖర్చు?

పాత బేస్ స్టేషన్

అమ్మా, మీరన్నది నిజం. విమానయాన అనుమతి, రక్షణ అనుమతి, జిల్లా అధికారులకు సమాచారం, ఇవన్నీ కాగితం మీద పక్కాగా జరిగేవి. ఊరికి కబురు మాత్రం బేస్ స్టేషన్ దగ్గర కూర్చున్న నాలాంటివాడి నోటితోనే చేరేది, అదీ ఎవరైనా అడిగితే.

గుణుపూర్ మాస్టారు

రాధమ్మా, నీ మాటకు చరిత్ర కూడా సాక్ష్యం చెబుతుంది. ఈ పరికరం పుట్టుకే ప్రజల కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో నీళ్ల కింద దాగిన జలాంతర్గాములను విమానం నుంచి పట్టడానికి ఫ్లక్స్‌గేట్ మాగ్నెటోమీటరును మెరుగుపరిచారు. భూభౌతిక శాస్త్రవేత్త విక్టర్ వాకియె పని అందులో ముఖ్యమైనది. యుద్ధం ముగియకముందే, 1944లో, అమెరికా భూవిజ్ఞాన సర్వే దాన్ని రాళ్ల మీద ప్రయోగించి చూసింది. మన దేశంలో 1960ల చివర అమెరికా సాయంతో జరిగిన ఆపరేషన్ హార్డ్‌రాక్ ఇటువంటి సర్వేలకు పెద్ద మొదలు, అదీ లోహ ఖనిజాల వేటకే. కనుక ఖనిజానికీ దీనికీ సంబంధం లేదని మనం అనకూడదు. పటం అందరికీ ఉచితంగా తెరిచి ఉంచడం మాత్రం మంచి మార్పు. ఒక విద్యార్థి ఇంట్లో కూర్చొని గీయగలిగాడంటే రేపు గ్రామసభ తరఫున ఎవరైనా గీయగలరు.

సిరొంచ రైతు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

అన్నలూ, మా వైపు మాట ఒకటి. ప్రాణహిత పక్కనే ఉన్నా చేలో బోరు వేస్తే కొన్నిచోట్ల నీళ్లు పడవు. ఈ విమానం నీళ్లు ఎక్కడున్నాయో చెబుతుందా? కొబ్బరికాయ పట్టుకొని తిరిగేవాళ్లకు డబ్బులిచ్చి విసిగిపోయాం.

శిలాజీవి

అయస్కాంత సర్వే నీళ్లను చూడదన్నా. నీటికి అడ్డం పడే గోడలను చూస్తుంది. గట్టి రాతి నేలలో డోలరైటు డైకు నేలలోపల నిలువు గోడలా ఉంటే, ఎగువ వైపు నీరు ఆగుతుంది, దిగువ వైపు బోరు ఎండుతుంది. డైకు మాగ్నెటైట్ గలది కనుక పటంలో గీతలా తెలుస్తుంది, దిశ కలిసొస్తే. నీటిని నేరుగా పట్టాలంటే విద్యుదయస్కాంత సర్వే కావాలి. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) హెలికాప్టర్ కింద పెద్ద చట్రం వేలాడదీసి దేశంలో ఆరు చోట్ల ప్రయోగాత్మకంగా అటువంటిది చేసింది. వాటిలో ఒకటి మీ రాష్ట్రంలోనే, నాగపూర్ జిల్లా చంద్రభాగ పరీవాహకం.

అయితే మీ నేల నాకు వేరే కారణంగా ఇష్టం. సిరొంచ ప్రాణహిత–గోదావరి లోయలో గోండ్వానా ఇసుకరాళ్ల మీద ఉంది. మీ పక్క వడధాంలో రాక్షసబల్లుల శిలాజాలు దొరికింది ఆ లోయ పొరల్లోనే. ఇసుకరాయికి అయస్కాంత గుణం లేనట్టే కనుక మాగ్నెటోమీటరు చూపు దాన్ని దాటి అడుగునున్న పాత స్ఫటిక శిల దాకా పోతుంది. అడుగు శిల లోతుగా ఉంటే సంకేతం వెడల్పుగా, మెత్తగా వస్తుంది. పైకి ఉంటే ఇరుకుగా, పదునుగా వస్తుంది. ఆ వెడల్పు నుంచి లోయలో మట్టి పొరల మందం ఎక్కడెంతో అంచనా కడతారు. సింగరేణి బొగ్గు ఉన్నదీ ఇదే లోయలో. బొగ్గు మాత్రం పటంలో కనబడదు. అది ఉండటానికి వీలైన తొట్టి ఆకారం కనబడుతుంది.

సిరొంచ రైతు

నీళ్లు దొరకలేదు గాని మా చేను కింద తొట్టి ఉందని తెలిసింది. మంచిదే. మా జిల్లాలోని సూర్జాగఢ్ ఇనుము సంగతేమిటి? అది హెమటైటే అంటారు, మరి విమానానికి కనబడదా?

శిలాజీవి

మంచి పట్టు పట్టారు. ఇనుప ధాతువు చాలా చోట్ల పట్టీల ఇనుప రాయి నుంచి పుడుతుంది. ఆ పట్టీల్లో ఆక్సీకరణ చెందని మాగ్నెటైట్ మిగిలి ఉంటే పటంలో గట్టిగా మోగుతుంది. నాణ్యమైన హెమటైట్ ఉన్న ముక్క దగ్గర అదే పట్టీ సద్దుమణుగుతుంది. అనుభవమున్నవారు మోత ఎక్కడ ఆగిందో చూస్తారు.

నాందేడ్ సత్యం (నాందేడ్)

మా వైపు బసాల్టు నేల. దక్కన్ ట్రాప్ పటం గీస్తే ఏ ఆకారమూ తేలదు, గుప్పెడు మిరపగింజలు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా ఉంటుంది. అదే విమానం, అదే పరికరం. మాకెందుకు ఈ శిక్ష?

గుణుపూర్ మాస్టారు

సత్యం గారూ, మీ రాయికి జ్ఞాపకశక్తి ఎక్కువ. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఆ లావా చల్లారింది. మాగ్నెటైట్ 580 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లబడేటప్పుడు ఆనాటి భూమి క్షేత్రాన్ని తనలో అచ్చు వేసుకుంటుంది. ఆ కాలంలో చాలా భాగం క్షేత్రం ఇప్పటికి తలకిందులుగా ఉంది. పైగా అప్పుడు భారతదేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేది. కనుక మీ బసాల్టులో నేటి క్షేత్రం ఒకవైపు లాగితే పాత అచ్చు వేరేవైపు లాగుతుంది. ఎరుపు దక్షిణాన, నీలం ఉత్తరాన అని కొరాపుట్ కుర్రవాడికి చెప్పిన సూత్రం మీ దగ్గర తిరగబడవచ్చు.

నాందేడ్ సత్యం

బసాల్టు కింద ఏముందో తెలుసుకోవడం మాకు సరదా కాదు మాస్టారూ. 1993 సెప్టెంబర్ 30న కిల్లారి భూకంపం మా పొరుగున వచ్చింది. ఆ తరువాత అక్కడ తవ్విన బోరులో 338 మీటర్లకు బసాల్టు అయిపోయింది, దాని కింద సన్నని మట్టి పొర, ఆ కింద అతి ప్రాచీన స్ఫటిక శిల. పగులు ఆ శిలలో ఉంది, పైన నల్లరేగడి. ఊరికి ఏం తెలుస్తుంది?

శిలాజీవి

అక్కడ అయస్కాంతం ఒక్కటే చాలదు. కోయనా ఆనకట్ట దగ్గర అందుకే ఎన్‌జీఆర్‌ఐ గగనతల అయస్కాంతంతో పాటు గురుత్వ ప్రవణత (గురుత్వాకర్షణ చోటుచోటుకీ మారే తీరు) సర్వే కూడా చేయించింది, ఆ తరువాతే లోతైన బోర్లు. బసాల్టు గోల పైపైన, పొట్టి తరంగాల్లో ఉంటుంది. ఎత్తు పెంచితే అది తగ్గి అడుగు శిల సంకేతం మిగులుతుంది. కుందులి సంతకు దూరంగా నిలబడితే హోరు ఒకటే వినిపిస్తుంది, లోపలికి వెళితే ఒక్కొక్కరి బేరం వేరుగా వినిపిస్తుంది కదా, అలాంటిదే ఇది. నేల మీదున్న చిన్న రాతి ముద్ద సంకేతం 80 మీటర్ల ఎత్తులో ఉన్నదానికంటే 160 మీటర్లలో ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వెడల్పైన లోతు శిల సంకేతం అంతగా పడిపోదు.

80 అన్న అంకె ఊరికే వాడలేదు. 2017లో మొదలైన జాతీయ గగనతల భూభౌతిక పటాల కార్యక్రమంలో భారత భూవిజ్ఞాన సర్వే ఎంచుకున్న ఎత్తు అది, గీతల మధ్య దూరం 300 మీటర్లు. 1980ల నాటి దేశవ్యాప్త సర్వేలు వేల అడుగుల ఎత్తులో, గీతల మధ్య కిలోమీటర్ల దూరంతో ఎగిరాయి. కొరాపుట్ జిల్లా సుమారు 8,800 చదరపు కిలోమీటర్లు. 300 మీటర్లకొక గీత చొప్పున ఎగిరితే 29 వేల కిలోమీటర్లు దాటుతుంది, అడ్డగీతలు కలపకుండానే. భూమి చుట్టుకొలతలో మూడు వంతుల దాకా వస్తుంది.

పాత బేస్ స్టేషన్

కాగితం మీద 80. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, పక్కనే లోయ. రెక్కల విమానం కొండ వాలు వెంట జారుతూ 80 మీటర్లు పాటించలేదు. కొండ ఎక్కేటప్పుడు దగ్గరవుతుంది, దిగేటప్పుడు లోయ మీద ఎత్తులో తేలిపోతుంది. తమ్ముడూ, సమాచారంలో రాడార్ ఆల్టిమీటరు వరుస ఉంటుంది, నేల నుంచి విమానం ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది. దాన్ని కూడా గీసి నీ అయస్కాంత పటం పక్కన పెట్టుకో. రెంటి ఆకారం ఒక్కటైన చోట రాయిని నమ్మకు. రైలు మార్గం, హైటెన్షన్ స్తంభాలు, దమన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీ కూడా తీసేసి చూడు.

కొరాపుట్ విద్యార్థి

తప్పకుండా. అయితే బాక్సైట్ గగనతలం నుంచి ఎప్పటికీ కనబడదన్నమాట?

శిలాజీవి

కనబడుతుంది, వేరే కంటితో. అదే విమానంలో మాగ్నెటోమీటరుతో పాటు గామా కిరణాల స్పెక్ట్రోమీటరు ఉంటుంది. పొటాషియం, యురేనియం, థోరియం మూడింటినీ విడివిడిగా లెక్కిస్తుంది. నేల పైపొర, అర మీటరు లోపు మాత్రమే. రాయి బాక్సైట్‌గా మారేటప్పుడు పొటాషియం నీళ్లలో కొట్టుకుపోతుంది, థోరియం మొండిగా మిగులుతుంది. రెంటి నిష్పత్తి గీసి పంచపట్మాలి మీద పరచండి. గంజాం తీరంలో ఛత్రపూర్ ఇసుకల్లో థోరియం గల మోనజైట్ ఉంది కనుక అక్కడా థోరియం వెలుగుతుంది, దాన్ని చూసి బాక్సైట్ అనుకోకండి. రాయగడ వైపు గ్రాఫైటుకు ఈ రెండు కళ్లూ పనికిరావు, అది కరెంటు ప్రవహించే రాయి, విద్యుదయస్కాంత సర్వే కావాలి.

రాయగడ రాధ

చూశారా మాస్టారూ. నిన్నటిదాకా విమానానికి బాక్సైట్ కనబడదన్నారు.

గుణుపూర్ మాస్టారు

చూశాను తల్లీ. మాగ్నెటోమీటరు తరఫున వాదించిన వకీలు స్పెక్ట్రోమీటరు కేసు ఒప్పుకోక తప్పలేదు.

శిలాజీవి

ఒప్పుకుంటే తప్పేముంది? రాధ గారి నాలుగు వాక్యాల్లో "ఇది కొలవదు" అన్న వాక్యం రాసేటప్పుడు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాలి.

కొరాపుట్ విద్యార్థి

థోరియం, పొటాషియం నిష్పత్తి గీశాను. కొండ నెత్తి అంచు ఇంచుమించు దిగింది, అయస్కాంత పటంలో మూడు నెలలు వెతికినది. ప్రాజెక్టు మాత్రం బాక్సైట్ మీద వద్దనుకుంటున్నాను. బస్తర్ క్రేటన్ (అతి ప్రాచీన స్థిర శిలాఖండం), తూర్పు కనుమల రాళ్లు కలిసే హద్దు జయపురం వైపు నుంచి మల్కన్‌గిరి వైపు సాగుతుంది కదా. ఆ హద్దు అడవిలో, మట్టి కింద చాలాచోట్ల కనబడదు. అనలిటిక్ సిగ్నల్‌లో రెండు వైపుల అల్లిక వేరుగా ఉంది. బొయిపరిగూడ నుంచి మల్కన్‌గిరి దారి వెంట రాళ్ల దగ్గర ఆగి, అయస్కాంత గ్రాహ్యత (రాయి ఎంత సులువుగా అయస్కాంతమవుతుందో) కొలిచి పటంతో సరిపోల్చాలని ఆలోచన. విభాగంలో చేతి మీటరు ఉంది.

పాత బేస్ స్టేషన్

రోడ్డు కోతల్లో తాజా రాయి దొరికిన చోటే కొలువు. ఎండకు వానకు తిన్న పైపొరలో మాగ్నెటైట్ హెమటైట్‌గా మారి మీటరు తక్కువ చూపిస్తుంది. కొన్ని లేటరైటుల్లో గట్టి అయస్కాంత గుణం గల మాగ్హెమైట్ పుట్టి ఎక్కువ చూపిస్తుంది, రెండూ మోసమే. ఒక్క చోట ఒక్క కొలతతో ముందుకు కదలకు, రాయి రాయికీ మారుతుంది. సుత్తి, ఫోను, బెల్టు బకిల్ మీటరుకు దూరం. సీలేరు వైపు వానలు తగ్గాక వెళ్లు.

రాయగడ రాధ

ఊళ్లలో ఆగే ముందు ఊరి పెద్ద నాయక్‌ను కలిసి ఎందుకు వచ్చావో చెప్పు తమ్ముడూ. కువి రాకపోయినా దేశియాలో చెప్పు, ఆ వైపు అందరికీ అర్థమవుతుంది. పటం ప్రింటు ఒకటి పట్టుకెళ్లు, అడిగినవాళ్లకు చూపించు.

కొరాపుట్ విద్యార్థి

దేశియా వచ్చక్కా, మా అమ్మమ్మ వాళ్లది నందపూర్. ఏ త్రీ సైజు ప్రింటు తీయిస్తాను. రంగుల పట్టికలో అంకెలు ఒడియాలో రాయించాలి, అది ఎవరైనా చేసిపెడతారా?

జయపురం వెంకట్

నేను చేస్తాను. ఫైలు పంపండి.